ఏసీ, హీటింగ్ యూనిట్లకు ఏ మోటార్ బాడీ? ఓడీపీ, టీఈఎఫ్‌సీ, ఎయిర్ ఓవర్ రివ్యూ

నమస్తే అండీ. మోటార్ కాలిపోయి కొత్తది కొనాలంటే అందరూ మొదట చూసేవి హెచ్‌పీ, ఆర్‌పీఎం, వోల్టేజ్. టేబుల్ మీదున్న ఈ మూడు మోటార్లకీ అవి ఒకటే. అయినా ఒకదాని చోట ఇంకొకటి బిగిస్తే కొద్ది రోజులకే వైండింగ్, అంటే లోపలి తీగచుట్ట, పోవచ్చు. తేడా బాడీలో ఉంది, అంటే ఎన్‌క్లోజర్‌లో. వేడి బయటికి ఏ దారిన పోతుందో అదే నిర్ణయిస్తుంది.

ముందు ఈ ఓపెన్ డ్రిప్ ప్రూఫ్ చూద్దాం, ఓడీపీ అంటారు. బాడీకి ఉన్న ఈ సందుల్లోంచి గాలి నేరుగా వైండింగ్ దాకా వెళ్తుంది. పైనుంచి నిటారుగా గానీ, 15 డిగ్రీల వాలుగా గానీ పడే చుక్కల్ని తట్టుకుంటుంది. పక్కనుంచి కొట్టే జల్లును తట్టుకోలేదు. ఫిల్టర్ దాటిన శుభ్రమైన గాలి ఉండే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ (ఏసీ గాలిని డక్టుల్లోకి తోసే పెట్టె) లోపలికి ఇది చక్కగా సరిపోతుంది. అక్కడ కూడా మూసిన మోటారే కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. నా దృష్టిలో అది అనవసరపు ఖర్చు.

రెండోది టీఈఎఫ్‌సీ, అంటే టోటలీ ఎన్‌క్లోజ్డ్ ఫ్యాన్ కూల్డ్. బాడీ మొత్తం మూసేసి ఉంటుంది, వెనక కవర్ కింద షాఫ్ట్‌కే బిగించిన సొంత ఫ్యాన్ ఉంటుంది. ఆ ఫ్యాన్ బాడీ మీదున్న ఈ రెక్కల మీదుగా గాలి తోసి బాడీని చల్లబరుస్తుంది. చాలావాటికి ఐపీ55 రేటింగ్ ఉంటుంది, అంటే దుమ్ముకీ నీటి ధారకీ భయపడక్కర్లేదు. దుమ్ముండే బాయిలర్ రూమ్‌లో బ్లోయర్లకీ, ఆరుబయట పంపులకీ నేను చెప్పేది ఇదే. వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్) పెట్టి స్పీడ్ బాగా తగ్గిస్తే మాత్రం ఈ ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుందని గుర్తుంచుకోండి. ఫ్యాన్, సెంట్రిఫ్యూగల్ పంపు అయితే లోడ్ కూడా తగ్గిపోతుంది కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు. స్పీడ్ తగ్గినా టార్క్, అంటే తిప్పే బలం, తగ్గని కంప్రెసర్ లాంటి వాటికి విడిగా కూలింగ్ ఫ్యాన్ ఉన్న మోటార్ అడగండి.

ఇక అసలు తికమకంతా ఈ మూడోదానితోనే. టీఈఏఓ, అంటే టోటలీ ఎన్‌క్లోజ్డ్ ఎయిర్ ఓవర్. నేమ్‌ప్లేట్ మీద ‘ఎయిర్ ఓవర్’ అని ఉంటుంది. ఇది కూడా మూసిన బాడీయే, కానీ సొంత ఫ్యాన్ లేదు. తను తిప్పే పెద్ద ఫ్యాన్ గాలిలోనే కూర్చుని చల్లబడుతుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లలో, కూలింగ్ టవర్లలో దీన్నే వాడతారు. బోలెడంత గాలి తగులుతుంది కాబట్టి అదే హెచ్‌పీకి సైజు చిన్నగా చేయగలుగుతారు. హెచ్‌పీ కలిసింది కదా అని దీన్ని తెచ్చి గాలి తగలని చోట బెల్ట్ డ్రైవ్‌కి పెడితే చల్లబరిచే దిక్కే ఉండదు. వేడెక్కితే మోటార్‌ని ఆపేసే థర్మల్ ప్రొటెక్టర్ ఉంటే ట్రిప్ అవుతూనే ఉంటుంది, లేకపోతే వైండింగ్ మాడుతుంది.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. చాలా అవుట్‌డోర్ యూనిట్లలో కాయిల్‌లోంచి (వేడి వదిలే గొట్టాల్లోంచి) లాగిన గాలే మోటార్ మీదుగా పోతుంది. అంటే బయటి ఎండ కన్నా వేడి గాలి. మామూలు మోటార్లకి రేటింగ్ ఇచ్చేది 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకి. కండెన్సర్ ఫ్యాన్ (అవుట్‌డోర్ యూనిట్ ఫ్యాన్) కోసం 60, 70 డిగ్రీల రేటింగ్ ఉన్నవి దొరుకుతాయి, అవే తీసుకోండి. వైండింగ్ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగమవుతుందని మోటార్ పనివాళ్ల లెక్క. కాయిల్‌కి దుమ్ము పట్టినా, బ్లేడ్ సైజు తప్పినా ఇదే జరుగుతుంది. అలాంటప్పుడు మోటార్ ఒక్కటే మార్చి వచ్చేస్తే కొత్తది కూడా పోతుంది.

టీఈఎన్‌వీ (టోటలీ ఎన్‌క్లోజ్డ్ నాన్ వెంటిలేటెడ్) అని ఇంకోటుంది. ఫ్యాన్ లేకుండా బాడీ నుంచే వేడి వదిలే చిన్న మోటార్లు, వాటి సంగతి అంతే. మండే గ్యాస్ చేరే చోటైతే సర్టిఫికెట్ ఉన్న ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారే పెట్టాలి. టీఈఎఫ్‌సీ మూసే ఉంటుంది కదా అని సర్దుకోవద్దు, దయచేసి. టీఈఎఫ్‌సీలో లోపల పుట్టిన మంటను బయటికి పోకుండా ఆపే ఏర్పాటు లేదు.

బిగించేటప్పుడు డ్రెయిన్ హోల్స్ చూడండి. మూసిన మోటార్ ఆగి చల్లారాక లోపల తేమ నీళ్లవుతుంది. షాఫ్ట్ పైకి ఉన్నా కిందికి ఉన్నా, అన్నిటికన్నా కింద ఉన్న హోల్ ప్లగ్ తీసేయాలి, పైనవి మూసి ఉంచాలి. షాఫ్ట్ పైకి ఉండి వాన పడే చోటైతే బేరింగ్‌లోకి నీళ్లు దిగకుండా షాఫ్ట్‌కి స్లింగర్ (నీళ్లను బయటికి విసిరే రింగు) ఉందో లేదో కూడా చూసుకోండి.