ప్రయోగానికి ఒక మడి

అందరికీ నమస్కారం.

ముందు ఈ బల్ల మీది కుండను చూడండి. వెనక కూర్చున్నవాళ్ల కోసం పైకెత్తి చూపిస్తాను. దీని మీద తెల్లగా పొరలు కట్టింది ఎవరూ పూసిన సున్నం కాదు. మా నల్లగొండ ఇంటి బోరు నీళ్లలోని లవణాలు. ఈ కుండ రెండేళ్లు మా పెరట్లో మెడ దాకా భూమిలో ఉంది. మొదటి ఏడు సొర పాదును చక్కగా సాకింది. రెండో ఏడు ఎండాకాలానికి దీని సన్నని రంధ్రాలన్నీ పూడుకుపోయాయి. కుండ నిండా నీళ్లున్నాయి, పక్కనే పాదు వాడిపోయింది. కుండలో నీళ్లు ఉన్నాయి కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఈ రోజు పెరటి సాగులో కొత్త పద్ధతుల గురించి మాట్లాడాలని పిలిచినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ కుండే.

కుండ సేద్యం కొత్తదేమీ కాదు. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటి వ్యవసాయ గ్రంథంలోనే ఉంది. మన దేశంలో హర్యానాలోని కర్నాల్‌లో నేలల లవణీయత మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ 1970లలో దీన్ని కూరగాయల మీద పరీక్షించింది. చేసే పని చాలా తేలిక. రంగు వేయని, నునుపు పూత లేని మట్టి కుండను మెడ వరకు పాతిపెట్టి, నీళ్లు నింపి, మూత పెట్టాలి. మూత మరిచిపోవద్దు, దోమలు గుడ్లు పెడతాయి. చుట్టూ జానెడు దూరంలో గింజలు వేయాలి. నేల ఎండితే కుండలోంచి నీటిని లాక్కుంటుంది. నేల తడిగా ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది. ఎప్పుడు పోయాలి, ఎంత పోయాలి అన్న టెన్షన్ మనకుండదు, ఆ లెక్క నేలే చూసుకుంటుంది. పైన మట్టి పొడిగానే ఉంటుంది కాబట్టి కలుపు కూడా తక్కువ.

మా పెరడు ఎర్ర చెల్క. చెల్కలో తడి పక్కలకు ఎక్కువగా పాకదు, కిందికే దిగుతుంది. అందుకే నేను మొదట మూరెడు దూరంలో నాటిన బెండ గింజలు మొలిచి కూడా ఎండిపోయాయి. మా చెల్లెలిది మిర్యాలగూడ వైపు, నల్లరేగడి. అక్కడ ఇంకో కథ. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఆ ఒత్తిడికి మా చెల్లెలి కుండ మెడ దగ్గర చిట్లింది. ఒకే పద్ధతి, ఇద్దరు అక్కాచెల్లెళ్లు, రెండు నేలలు. పద్ధతి మంచిదా చెడ్డదా అని మీరు అడిగితే, ఎవరి పెరట్లో అని నేను తిరిగి అడుగుతాను.

ఇక ఈ తెల్ల పొర సంగతి. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు కుండలను బయటికి తీసి, కొబ్బరి పీచుతో రుద్ది, నీళ్లు కలిపిన వెనిగర్‌లో నానబెట్టి, కడిగి ఎండబెడుతున్నాను. వాన నీళ్లు దొరికినన్ని రోజులు అవే పోస్తున్నాను. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1000 లీటర్లు. దాన్ని మోరీలోకి వదిలేసి బోరు వేసుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఇంకో మాట. ఇంట్లో ఆర్వో మిషన్ ఉన్నవాళ్లు అందులోంచి బయటికి పోయే నీళ్లు వృథా కాకూడదని కుండల్లో పోస్తున్నారు. మంచి మనసుతోనే చేస్తున్నారు, కానీ దయచేసి పోయకండి. మిషన్ వడకట్టి వదిలేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. ఇల్లు కడగండి, బాత్రూముకు వాడండి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన ఊరి పేరు మీదనే ఒక పద్ధతి ఉంది, నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి తయారుచేశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెట్టి, అడుగున పేరుకున్నాక పైన తేరిన నీళ్లు వంచుకోవడం. ఇంట్లో బకెట్‌లో కూడా చేయొచ్చు. అది టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. అయితే పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. నల్లగొండ మోతాదు పట్టుకెళ్లి అక్కడ వేస్తే కుదరదు. అక్కడి నీళ్లు కొలిచి చూడాల్సిందే. మన దగ్గర నుంచి బయటికి పోయిన పద్ధతికే అలా ఉంటే, బయటి నుంచి మన పెరట్లోకి వచ్చేవాటిని మనం ఎంత కొలిచి చూసుకోవాలి!

గడ్డి కట్టల విషయంలో నాకు ఇదే అనుభవమైంది. ఎండుగడ్డి కట్టలోనే నేరుగా మొక్కలు పెంచే పద్ధతి అమెరికాలో బాగా వాడుకలో ఉంది. మన దగ్గర హార్వెస్టర్ కోసిన మళ్లలో గడ్డిని కాల్చేస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. అందుకే మిషన్ చుట్టిన కట్టలు నాలుగు కొని తెచ్చుకున్నాను. కట్టను బాగా తడిపి, పది పన్నెండు రోజుల పాటు యూరియా చల్లుతూ తడుపుతూ ఉండాలి. యూరియాలో 46 శాతం నత్రజని. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు అది కావాలి. వేయకపోతే మొక్కకు అందాల్సిన నత్రజనిని అవే తినేస్తాయి, ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. యూరియా వద్దనుకునేవాళ్లు పేడ, గోమూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి పులియబెట్టిన జీవామృతం పోయొచ్చు, కానీ అందులో నత్రజని చాలా తక్కువ. ఎక్కువ రోజులు ఆగాలి. ఈ సమయంలో కట్ట లోపల వేడి పుడుతుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది. ఆ వేడి దిగాక గుప్పెడు ఎరువు కూరి నారు నాటాలి.

చలి దేశాల్లో ఆ వేడి వరం. నేల ఇంకా చల్లగా ఉన్నప్పుడే వేళ్లకు వెచ్చదనం దొరుకుతుంది. నేను మొదటిసారి మార్చిలో పెట్టాను. పైన మన ఎండ, లోపల కట్ట వేడి. టమాట నారు వారంలో మాడిపోయింది. రోజుకు రెండు పూటలు నీళ్లు పోసినా కట్ట నిలువెల్లా ఎండిపోయేది. తప్పు పద్ధతిది కాదు, నేను ఎంచుకున్న నెలది. మరుసటి ఏడు మృగశిర కార్తెలో వానలు పడ్డాక మళ్లీ మొదలుపెట్టాను. బీర తీగ కట్టల మీద నుంచి గోడెక్కింది. పంట అయ్యాక ఆ కట్టలే మెత్తటి ఎరువుగా మారి పక్క మళ్లలోకి వెళ్లాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఆ గడ్డి వచ్చిన పొలంలో గడ్డి మందు కొట్టారేమో అడగండి. అనుమానంగా ఉంటే గడ్డి నానబెట్టిన నీళ్లు పోసి నాలుగు చిక్కుడు గింజలు మొలిపించి చూడండి. ఆకులు ముడుచుకుని వంకర తిరిగితే ఆ కట్టలు వాడొద్దు.

ఎత్తు మళ్ల గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. వాన ఎక్కువ కురిసే దేశాల్లో మడి ఎత్తుగా ఉంటే నీళ్లు జారిపోతాయి. పాలమూరు, నల్లగొండల్లో ఏడాది వాన ఆరేడు వందల మిల్లీమీటర్లు. జారిపోవడానికి మన దగ్గర నీళ్లెక్కడివి? అమెరికాలోని న్యూమెక్సికో ఎడారి ప్రాంతంలో జూనీ అనే ఆదివాసులు చుట్టూ మట్టిగట్టు కట్టి, మడిని లోతుగా ఉంచి, చిన్న చిన్న గదులుగా చేసి మొక్కలు పెంచుతారు. చెల్క నేలకు నాకు అదే నచ్చింది. రేగడిలో మాత్రం చేయొద్దు, ముసురు పడితే వేళ్లు కుళ్లుతాయి.

మక్క, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే పద్ధతి కూడా అక్కడి ఆదివాసులదే. అది విన్నప్పుడు నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది. జడ్చర్ల దగ్గర వాళ్ల చేనులో జొన్నల్లో కంది, మధ్యమధ్య అలసంద, అనుము. అనుము తీగ జొన్న కర్రకే అల్లుకునేది. జొన్న కొంచెం ఎదిగాకనే తీగ గింజ వేయాలని, లేకపోతే కర్రను పడేస్తుందని ఆమె చెప్పేది. ఆమె దాన్ని ప్రయోగం అనలేదు, కానీ ఎప్పుడో ఎవరో చేసి చూసి ఉంటేనే కదా అది ఆమె దాకా వచ్చింది.

నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. పెరడంతా మార్చకండి. ఒక్క మడి ప్రయోగానికి వదలండి. దాని పక్కనే అదే విత్తనం, అదే రోజు, మీ మామూలు పద్ధతిలో ఇంకో మడి వేయండి. రెంటికీ ఎన్ని బకెట్లు పోశారు, ఎన్ని కిలోలు కోశారు, నోటు పుస్తకంలో రాయండి. పక్కన మామూలు మడి లేకపోతే మీకేమీ తెలియదు. వానలు బాగా పడిన ఏడు ఏం చేసినా కాస్తుంది, గొప్పంతా కొత్త పద్ధతికి ఇచ్చేస్తాం. ఒకసారి నేను కుండ, గడ్డి పరుపు, జీవామృతం మూడూ ఒకే మడిలో పెట్టాను. వంకాయ విరగకాసింది. ఏది పనిచేసిందో ఈ రోజుకీ చెప్పలేను. ఆ ఏడాది నా నోటు పుస్తకంలో ఆ పేజీ ఎందుకూ పనికిరాలేదు.

ఈ ఏడు మా ప్రయోగం మడిలో ఉస్తి మొక్క మీద వంగ అంటు కట్టాను. వంగకు వచ్చే ఎండు తెగులును, వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులను ఉస్తి వేరు బాగా తట్టుకుంటుంది. పదహారు కడితే తొమ్మిది అతుక్కున్నాయి. మిగతావి నీడలో తేమ తగ్గి వాడిపోయాయి. పక్క మడిలో అంటు కట్టని వంగ తొమ్మిదే నాటాను. ఇప్పటికి రెండూ సమానంగానే ఉన్నాయి.

బయట వరండాలో కుమ్మరి దగ్గర నుంచి తెచ్చిన చిన్న కుండలు ఉన్నాయి. ఇంటికొకటి తీసుకెళ్లండి. పాతే ముందు రాత్రి నీళ్లు నింపి పెట్టి, తెల్లారి బయటి వైపు చేత్తో తడిమి చూడండి. చెమ్మ తగిలితే పాతండి. తగలకపోతే వెనక్కి తెండి, వేరేది ఇస్తాను.