మైగ్రేన్‌కి ఆక్యుపంక్చర్: మెడ వెనక సూది ఎటు తిరగాలి?

నమస్తే అండీ. ఈరోజు మైగ్రేన్‌కి, అంటే పార్శ్వపు తలనొప్పికి, సూదులు ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి, చూద్దాం. ఇది ఆక్యుపంక్చర్ నేర్చుకుంటున్నవాళ్ళ కోసం. ఇంట్లో చూస్తున్నవాళ్ళు సూది జోలికి పోకండి, వేలితో నొక్కుకోండి చాలు.

ముందు ఒక్క మాట. నొప్పి ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిందన్నా, జ్వరంతో మెడ బిగుసుకుపోయిందన్నా, మాట తడబడుతోందన్నా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పుతున్నాయన్నా, సూది పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి పంపండి. గర్భిణి అయితే ఎల్ఐ 4 వద్దు, అది చేతిమీది పాయింటు (ఎల్ఐ, జీబీ, లివర్, ఎస్‌జే, ఇవన్నీ ఆక్యుపంక్చర్ పాయింట్ల పేర్లే). రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, అదీ అడగండి.

సూదులు ఇవి. 0.25 బై 25 మిల్లీమీటర్లు. కణతకి మాత్రం 0.20 బై 15. గైడ్ ట్యూబ్ ఉన్నవే నాకిష్టం, చర్మం దాటేటప్పుడు చురుక్కుమనడం తక్కువ. స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనివ్వండి. తడిమీద గుచ్చితే మంట.

పేషెంట్‌ని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నొప్పి ఉన్న వైపు పైకి. వెల్లకిలా పడుకుంటే మెడ వెనక పాయింటు అందదు. కూర్చోబెట్టి పెడితే, ముఖ్యంగా మొదటిసారి, కళ్ళు తిరిగే వాళ్ళుంటారు. అలా అయితే సూదులన్నీ తీసేసి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు కొంచెం ఎత్తండి.

ముందు కాళ్ళూ చేతులూ, తర్వాత తల. నొప్పి జోరుగా ఉన్నప్పుడు నేరుగా తలమీద మొదలుపెడితే కొందరికి ఇంకా ఎక్కువవుతుంది.

పాదం మీద లివర్ 3, ఇదిగో, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ఎముకలు కలిసే చోటికి కాస్త ముందు గుంత. జీబీ 41, నాలుగు, ఐదు వేళ్ళ ఎముకలు కలిసే చోట, చిటికెన వేలిని కదిలించే కండర తాడుకి (టెండన్‌కి) బయటి వైపు. చేతిమీద ఎల్ఐ 4, చూపుడు వేలి ఎముక మధ్య భాగం పక్కన. ఎస్‌జే 5, మణికట్టు వెనక గీతకి రెండు చున్‌లు పైన, రెండెముకల మధ్య. చున్ అంటే పేషెంట్ బొటనవేలి వెడల్పు, మీది కాదు! నాలుగూ నిలువుగా, బరువుగా అనిపించేదాకా. అంతే.

ఇప్పుడు జీబీ 20. ఇక్కడ ఆగండి. చెవి వెనక ఎముక దగ్గర వేలు పెట్టి, పుర్రె అంచు కిందుగా మెడ మధ్యకి జరపండి. రెండు కండరాల మధ్య వేలు దిగబడుతుంది చూడండి, ఆ గుంతే. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి అక్కడ నొక్కగానే అబ్బా అంటారు.

కోణం ముక్కు కొన వైపు. మళ్ళీ చెప్తున్నా, ముక్కు కొన వైపు. పైకి తిప్పితే పుర్రె ఎముకకి తగులుతుంది. లోపలికి పైకి లోతుగా పోతే వెన్నుపూస ధమని, ఇంకా లోపల మెదడు కాండం. లోతు అర చున్ నుంచి ఒక చున్, సన్నటి మెడకి ఇంకా తక్కువ. చిక్కెక్కడొస్తుందంటే, పక్కకి పడుకున్న మనిషి గడ్డం వంచుతాడు, తల దిండులోకి తిరుగుతుంది. మనం మాత్రం మంచాన్ని చూసి కోణం వేసుకుంటాం. తప్పు! రెండో చేతి వేలు ముక్కు కొనకి ఆనించి, సూదిని ఆ వేలి వైపు చూపించండి, ఇలా. తల ఎటు తిరిగినా లెక్క తప్పదు. బరువు కణత దాకా పాకితే బాగుంది. కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే ఇంకా తొయ్యకండి, చర్మం దాకా వెనక్కి లాగి దిశ మార్చండి.

తలమీద రెండే. కణత, కనుబొమ్మ చివరికీ కంటి కొసకీ మధ్య నుంచి ఒక చున్ వెనక గుంత. ముందు వేలితో నాడి చూసుకోండి, కొట్టుకుంటుంటే పక్కకి జరగండి. జీబీ 8, చెవి కొసకి ఒకటిన్నర చున్ పైన, జుట్టులో, చర్మం కింద పడుకోబెట్టినట్టు.

20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. ఈలోగా పేషెంట్ అడిగేది ఒకటే, ఎన్నిసార్లు రావాలి? ఒక్కసారికి తగ్గిపోతుందని చెప్పకండి. బ్రిటన్‌లో చికిత్సలకి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ మార్గదర్శకంలో 5 నుంచి 8 వారాల్లో 10 సెషన్ల దాకా అని ఉంది. వైద్య ప్రయోగాలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2016 సమీక్షలో 22 ప్రయోగాలు చూశారు. ఆక్యుపంక్చర్ చేయించుకున్నవాళ్ళలో 100కి 41 మందికి నొప్పి రోజులు సగానికి తగ్గాయి, చేయించుకోనివాళ్ళలో 17 మందికే. ఉత్తుత్తి సూదులతో పోల్చిన ప్రయోగాల్లో మాత్రం తేడా చిన్నదే, అసలు సూదులతో 100కి 50 మందికి, ఉత్తుత్తి వాటితో 41 మందికి. అది కూడా దాచకుండా చెప్పండి. డాక్టరిచ్చిన మందులు మాన్పించకండి.

తీసేటప్పుడు పెట్టినన్నీ లెక్కపెట్టండి. మర్చిపోయేది ఎప్పుడూ జీబీ 8 దే, జుట్టులో కనపడదు. కణత దగ్గర సూది తీశాక ఒక నిమిషం దూదితో నొక్కి పట్టండి, లేకపోతే కమిలిపోతుంది. సూదులు షార్ప్స్ డబ్బాలో (వాడిన సూదులు పారేసే గట్టి డబ్బాలో) వేసి, పేషెంట్‌ని కాసేపు కూర్చోబెట్టి, అప్పుడు లేపండి.