ఎముక మజ్జ "పడలేదు" అనకండి: జీవీహెచ్‌డీలో అసలేం జరుగుతుందంటే

[తెర మీద ఒకే మాట: "పడలేదు"]

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ మాట విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన తమ్ముడికి ఎముక మజ్జ మార్పిడి కోసం అన్న మూలకణాలు, అంటే రక్తాన్ని తయారుచేసే కణాలు, ఇస్తాడు. నెల తిరిగేసరికి తమ్ముడికి ఒళ్ళంతా దద్దుర్లు, ఆగని విరేచనాలు. ఇక చుట్టాలంతా "అన్న మజ్జ పడలేదట" అంటారు. ఇచ్చినవాడు ఏదో తప్పు చేసినట్టు తల దించుకుంటాడు. జరిగినదేమో దానికి పూర్తిగా తలకిందులు.

పడకపోవడమంటే రోగి ఒళ్ళు దాత కణాల్ని తోసేయడం. జీవీహెచ్‌డీలో (గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్, అంటే దాత కణాలు రోగి ఒంటి మీదే తిరగబడే జబ్బు) దాత కణాలు చక్కగా పాతుకుని పనిలోకి దిగుతాయి. వాటిలో టీ కణాలనే రక్షకభటులు రోగి ఒంటినే పరాయిదనుకుని కొడతాయి.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం గుర్తు తెచ్చుకోండి. మూడు లాంతర్ల నుంచి కోట దాకా జనసముద్రం. బందోబస్తుకి వేరే జిల్లాల నుంచి పోలీసులు వస్తారు. నిజాయితీపరులే, చురుకైనవాళ్ళే. కానీ మన ఊరి మొహాలు వాళ్ళకి తెలీవు. సిరిమాను ముందు బెస్తవారి వల పట్టుకుని నడిచేవాళ్ళని, పాలధార వాళ్ళని, అంజలి రథం వాళ్ళని ఎవరో అనుకుని ఆపేశారనుకోండి. జాతరే ఆగిపోతుంది. జీవీహెచ్‌డీ అంటే అదే.

మరి పాసులుంటాయి కదా అంటారా? ఉన్నాయి. వాటి పేరు హెచ్ఎల్ఏ. ఆరో క్రోమోజోము మీద ఉండే ఈ జన్యువులే దాదాపు ప్రతి కణం మీదా గుర్తింపు కార్డు తగిలిస్తాయి. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి కాబట్టి ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. ముగ్గురు అన్నదమ్ములున్నా ఎవరితోనూ కలవకపోవచ్చు. తల్లిదండ్రులు, పిల్లలు సగం కలుస్తారు. ఇప్పుడు ఆ సగం సరిపోలికతోనూ మార్పిడి చేస్తున్నారు.

"హెచ్ఎల్ఏ మొత్తం కలిసింది కదండీ, మరెందుకు వచ్చింది?" పాసు రంగు కలిసినా మొహాలు కొత్తవే కదా. హెచ్ఎల్ఏ కాకుండా చిన్నచిన్న ప్రొటీన్ తేడాలు బోలెడుంటాయి. అక్క తమ్ముడికి ఇచ్చిందనుకోండి. వై క్రోమోజోము నుంచి వచ్చే ప్రొటీన్లు మగవాళ్ళ ఒంట్లోనే ఉంటాయి, అక్క కణాలకి అవి తమవి కావు. అందుకే సొంత తోబుట్టువు ఇచ్చినా జీవీహెచ్‌డీ రావచ్చు. అందులో అక్క తప్పు ఇసుమంతైనా లేదు.

[తెర మీద: విరిగిన బారికేడ్లు]

మార్పిడికి ముందు ఇచ్చే గట్టి కీమో, కొందరికి రేడియేషన్, పేగు లోపలి పొరని కూడా దెబ్బతీస్తాయి. అంటే కొత్త పోలీసులు దిగేసరికే బారికేడ్లు విరిగి, అరుపులు, తొక్కిసలాట. ఎవరైనా లాఠీ ఎత్తుతారు. దెబ్బతిన్న కణాలు వదిలే సంకేతాలు, పేగులోంచి రక్తంలోకి జారే బాక్టీరియా పదార్థాలు టీ కణాల్ని రెచ్చగొడతాయి.

అయితే ఆ పోలీసులు రాకుండా చేస్తే? టీ కణాలన్నీ తీసేసి ఎక్కిస్తే జీవీహెచ్‌డీ బాగా తగ్గుతుంది, కానీ క్యాన్సర్ తిరగబెట్టడం పెరుగుతుంది. గుంపులో దాక్కున్న జేబుదొంగల్ని, అంటే కీమోకి చావని క్యాన్సర్ కణాల్ని, పట్టేది కూడా ఆ పోలీసులే. ఒకే పోలికతో పుట్టిన కవల ఇస్తే జీవీహెచ్‌డీ దాదాపు రాదు, కానీ క్యాన్సర్ తిరిగొచ్చే ప్రమాదం ఎక్కువ. ఈ విషయంలో నాకు ఇంతకంటే ముఖ్యమైన సంగతి కనిపించదు.

ఇప్పుడు గుర్తుపట్టడం. ముందు చర్మం: అరచేతులు, అరికాళ్ళు, చెవుల వెనక ఎర్రబడి మంట, దురద. మనవాళ్ళు చెమటకాయలనో "వేడి చేసింది" అనో సబ్జా నీళ్ళు పట్టిస్తారు. తర్వాత పేగు: ఆకుపచ్చటి నీళ్ళ విరేచనాలు. ఎన్నిసార్లు వెళ్ళారన్నది కాదు, ఎంత వెళ్ళారన్నది డాక్టరుకి కావాలి. కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి దీనికోసమే పెట్టుకోండి. పెద్దవాళ్ళలో రోజుకి 500 మిల్లీలీటర్లు దాటితే మొదటి మెట్టు, 1,500 దాటితే తీవ్రం. మూడోది కాలేయం: బిలిరుబిన్ 2 దాటి కళ్ళు పచ్చబడతాయి. దయచేసి కామెర్లకి పసరు పోయించకండి. మందులకీ ఇన్ఫెక్షన్లకీ కూడా ఇవే లక్షణాలొస్తాయి. తేల్చాలంటే చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాల్సి రావచ్చు. ఇవి ఎక్కువగా మొదటి 100 రోజుల్లో వస్తాయి, జీవీహెచ్‌డీని ఆపే మందు తగ్గించేటప్పుడు తర్వాతా రావచ్చు.

రాకుండా ఆపే మందులు: సైక్లోస్పోరిన్ లేదా టాక్రోలిమస్, దానితో మెథోట్రెక్సేట్. సగం సరిపోలికైతే మార్పిడి తర్వాత మూడో, నాలుగో రోజుల్లో పెద్ద మోతాదు సైక్లోఫాస్ఫమైడ్ ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. అది రెచ్చిపోయిన టీ కణాల్ని ఏరి చంపుతుంది, మూలకణాల్ని వదిలేస్తుంది.

వెల్లూరులోనో హైదరాబాదులోనో మార్పిడి అయి ఇంటికొచ్చాక తప్పులు జరిగేది ఇక్కడే. టాక్రోలిమస్ లెవెల్ పరీక్షకి ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్ళాలి. రాత్రి మాత్రకి 12 గంటలు దాటాక, ఉదయం మాత్రకి ముందు రక్తం తీయించుకోవాలి. మాత్ర జేబులో పెట్టుకెళ్ళి, రక్తమిచ్చాక వేసుకోండి. ల్యాబు చీటీ మీద చివరి మాత్ర వేసుకున్న టైము రాయించండి. మాత్ర వేసుకుని రక్తమిస్తే అంకె ఎక్కువొస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తాడు, వారంలో దద్దుర్లు మొదలవుతాయి. పంపర పనస తినకండి, ఈ మందు స్థాయిని పెంచేస్తుంది. వొరికొనజోల్ లాంటి ఫంగస్ మందులూ పెంచుతాయి, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ పడగొడుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం వైపు వాళ్ళు ఒక మాట తప్పకుండా చెప్పండి: ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందా, మీ పాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత? సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ రెండూ కిడ్నీని దెబ్బతీస్తాయి.

టైము తక్కువుంది, వైద్యం తొందరగా చెప్పేస్తాను. తీవ్రంగా వస్తే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, కిలోకి 2 మిల్లీగ్రాములు. 50 కిలోల మనిషికి రోజుకి 100. ఇది పోలీసుల చేత లాఠీలు కింద పెట్టించడం, అందుకే ఆ రోజుల్లో ఇన్ఫెక్షన్లు దూరతాయి. మూడు రోజుల్లో ముదిరినా, వారంలో తగ్గకపోయినా రుక్సోలిటినిబ్ లాంటి తర్వాతి మందుకి వెళ్తారు. స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేయకండి.

దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ: జాతర అయిపోయినా బందోబస్తు ఊళ్ళోనే ఉండిపోయినట్టు. నోట్లో తెల్లటి చారలు, కారం తగిలితే మంట, కళ్ళల్లో ఇసుక పోసినట్టు, చర్మం బిగుసుకుపోవడం. ఊపిరితిత్తులకి వస్తే మొదట తెలీదు, అందుకే ఊదే పరీక్ష వరసగా చేయించుకోవాలి. మన ఎండ చర్మాన్ని రెచ్చగొడుతుంది, గొడుగూ పొడుగు చేతుల చొక్కా తప్పవు.

చివరిది, చాలా ముఖ్యం. మార్పిడి అయినవాళ్ళకి ఎర్రకణాలు గానీ ప్లేట్‌లెట్లు గానీ ఎక్కించాల్సొస్తే, రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి. కనీసం 25 గ్రే (రేడియేషన్ కొలత). ఆ సంచిలో కూడా టీ కణాలుంటాయి, అంటే ఇంకో బెటాలియన్ దిగినట్టే. అప్పుడొచ్చే జీవీహెచ్‌డీ మజ్జని కూడా కొడుతుంది, దాదాపు ఎవరూ బతకరు. తెల్లకణాల్ని వడపోసే ఫిల్టర్ ఒక్కటే చాలదు. "మా తమ్ముడు ఇస్తాడు, వెంటనే ఎక్కించండి" అనకండి, దగ్గర రక్తసంబంధీకుల రక్తమైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. రేడియేషన్ ఇచ్చే యంత్రం ఏ బ్లడ్ బ్యాంకులో ఉందో ఇంటికి వచ్చిన వారంలోనే కనుక్కోండి. "రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి" అని పెద్ద అక్షరాలతో రాసి ఫైలు అట్ట మీద అంటించండి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు మొదట చూసేది ఆ అట్టనే.