ప్లేటును స్పిరిట్‌తో తుడవద్దు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలు వాటికే సరిపోతాయి. అందరికీ కలిపి ఒకటే దండం.

పాత గ్రామఫోన్ రికార్డుకు, అదే పాటల ప్లేటుకు, రేటు ఎట్లా కట్టాలో చెప్పమన్నారు. పాతదైనంత మాత్రాన రేటు రాదు. మొన్న ఒకాయన పెట్టెడు ఎల్పీలు, అంటే ఎక్కువ పాటలు పట్టే పెద్ద ప్లేట్లు తెచ్చి, "అన్నా, యాభై ఏండ్లవి, లక్ష వస్తుందా?" అన్నాడు. అన్నీ బాగా ఆడిన సినిమాలవే. ఊరంతా కొన్న పాటలు ఊరంతా అటకల మీద ఉంటాయి, వాటికోసం ఎవరు ఎగబడతారు? అదే కొద్దిగా వేసి ఆపేసిన నాటక పద్యాల సెట్టు, అట్ట కవరుతో సహా ఉంటే అడిగేవాళ్ళుంటారు.

లేబుల్ ఒక్కటే చూసి మోసపోకండి. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నటి జాగా ఉంటుంది చూడండి, అక్కడ చెక్కిన నంబరు చూస్తే మొదటి అచ్చో, తర్వాతిదో చాలాసార్లు తెలుస్తుంది. ప్లేటును దీపం కింద ఏటవాలుగా పట్టండి. గోరుకు తగిలే గీత సూదికీ తగులుతుంది. మన కడప ఎండకు వంగిందనుకోండి, బల్ల మీద అప్పడంలా లేస్తుంది. ఇక గ్రేడులు, అంటే ప్లేటు ఎంత బాగుందో చెప్పే మాటలు. అమ్మేవాడు "వెరీ గుడ్" అంటే మన భాషలో పర్వాలేదని. "గుడ్" అంటే దండగని!

ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను, పక్కన పెడతాను. అసలు నేనొచ్చింది ఈ ప్లేటు కోసం.

ఇది మా జేజినాయన పద్యాల ప్లేటు, 78 స్పీడుది, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేది. వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఎల్పీని అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో తెచ్చింది. 78 ప్లేట్లు ఎక్కువగా లక్కవి, మన దగ్గర ఆ తర్వాత కూడా చాలా ఏండ్లు వేశారు. ఇది లక్కదన్న సంగతి అప్పుడు నాకు తెలియదు. అమ్మే ముందు తళతళలాడాలని ఇంట్లో ఉన్న స్పిరిట్ దూదికి అద్ది తుడిచాను. దూది నల్లగా అయింది. అబ్బ, ఎంత మురికి వదులుతోందో అని ఇంకా గట్టిగా రుద్దాను. అది మురికి కాదండీ, పద్యం! లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు చేసే స్పిరిట్ పాలిష్ అదే కదా. ఏ వడ్రంగిని అడిగినా చెప్పేవాడు, నేను అడగలేదు.

ఇప్పుడు సూది పెడితే హార్మోనియం మొదలవుతుంది, ఆ తర్వాత అంతా రేకుల కప్పు మీద వాన.

అమ్మా, వెనక వరుసలో వాళ్ళు కూడా వినండి. మీ ఇండ్లలో ఇట్లాంటివి ఉంటే తుడవకండి, తూకానికి వేయకండి. నిలబెట్టి పెట్టండి. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి నాకు చూపించండి, రూపాయి అడగను.

ప్లేటు మీ మధ్య తిప్పుతున్నాను. పాడైనదే అయినా అంచులు పట్టుకునే చూడండి, కింద పడితే పగులుతుంది.