మోటారు కాలితే ఎవరిని అడగాలి?

యాంకర్: కేంద్రం మా వాటా ఇవ్వట్లేదని రాష్ట్రాలు, రాష్ట్రం మా డబ్బు వాడేసుకుందని పంచాయతీలు. ప్రొఫెసర్ గారూ, ముందు ఢిల్లీ సంగతి చెప్పండి.

ప్రొఫెసర్: కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకెంత, పంచాయతీలకు ఎంత సాయమో సిఫార్సు చేసేది ఆర్థిక సంఘం. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాలకు 41 శాతం అంది. దేంట్లో 41? పంచాల్సిన పన్నుల్లో. పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు ఆ లెక్కలోకే రావు. పన్ను పెంచే బదులు సెస్సు వేస్తే వాటా అడిగేవాడుండడు.

యాంకర్: ‘కేంద్రం మిథ్య’ అని ఎన్టీఆర్ ఊరికే అనలేదన్నమాట!

విశ్రాంత అధికారి: ఆ రోజుల్లోనే, 1983లో, కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద సర్కారియా కమిషన్ వేశారు. తర్వాత పూంఛీ కమిషన్. సరే, అవి చదివినవాళ్లెంతమంది? నా బాధ వేరు. ఢిల్లీ మనకు చేసిందే మనం ఊళ్లకు చేస్తున్నాం.

మాజీ సర్పంచ్: నేను చెప్తానండీ. మే నెలలో మా ఊరి బోరు మోటారు కాలిపోయింది. పంచాయతీ ఖాతాలో డబ్బుంది, చెక్ పవర్ నాదే. బిల్లు పెడితే పాస్ కాదు. ఆడవాళ్లు బిందెలు తెచ్చి మా అరుగు మీద పెట్టి కూర్చున్నారు. మా ఆయన వడ్లమ్మిన డబ్బుతో రివైండింగ్ చేయించా. వారం తిరిగేసరికి ఖాతాలో డబ్బు పాత కరెంటు బకాయిల కింద జమ వేసుకున్నారు. మాటమాత్రం చెప్పలేదు.

విశ్రాంత అధికారి: చట్టంలోనే ఉందమ్మా ఆ సందు. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలు చూసుకోదగ్గ 29 అంశాలు రాశారు. కానీ రాష్ట్రాలు వాటిని పంచాయతీలకు ‘అప్పగించవచ్చు’ అన్నారు, ‘అప్పగించాలి’ అనలేదు. ఆ ‘వచ్చు’ దగ్గరే బండి ఆగిపోయింది.

ప్రొఫెసర్: అధికారం ఇస్తే సరిపోదండీ, చిన్న పంచాయతీల్లో లెక్కలు రాసే మనిషెక్కడ?

మాజీ సర్పంచ్: మనిషిని ఇవ్వరు, మళ్లీ మనిషి లేడంటారు!

ప్రొఫెసర్: ఒప్పుకుంటున్నా. కేరళలో 1996లో ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకిచ్చారు, సిబ్బందినీ బదలాయించారు. తప్పులు జరిగాయి, చేస్తూ నేర్చుకున్నారు.

యాంకర్: అయితే ముందు మార్చాల్సింది?

విశ్రాంత అధికారి: ఆర్థిక సంఘం డబ్బు పంచాయతీ ఖాతాలో పడ్డాక పంచాయతీ తీర్మానం లేకుండా పైసా కదలకూడదు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, రాష్ట్రం తలుచుకుంటే చాలు.

యాంకర్: ఇంతకీ మీ రివైండింగ్ డబ్బులు వచ్చాయా, అమ్మా?

మాజీ సర్పంచ్: నా పదవీకాలమే అయిపోయిందండీ.