ఛాతీ తట్టడం ఆపండి! థైమస్ మీ వేళ్ల మాట వినదు

థైమస్ హార్మోన్ల మాట వింటుంది, మీ వేళ్ల మాట కాదు! ఛాతీ మధ్యలో తడితే థైమస్ మేల్కొని ఇమ్యూనిటీ పెరుగుతుందనే ఆ రీల్ మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. ఏం మేల్కొంటుందండీ? రొమ్ము ఎముక వెనక ఉండి, రోగాలతో పోరాడే టి-కణాలకు (ఒక రకం తెల్ల రక్తకణాలు) శిక్షణ ఇచ్చే గ్రంథి అది, తలుపు కాదు తడితే తెరుచుకోవడానికి.

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల్ని చలిలో పెట్టాడు, గాయపరిచాడు, మందులెక్కించాడు. ఏం చేసినా ఒకటే జరిగింది: మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ కుంచించుకుపోయింది. ఒత్తిడిలో అడ్రినల్ గ్రంథులు వదిలే స్టెరాయిడ్ హార్మోన్లు థైమస్‌లోని లేత కణాల్ని చంపేస్తాయి. మనలో ఆ పని చేసేది కార్టిసాల్. సెక్స్ హార్మోన్లూ అంతే, వృషణాలు తీసేసిన జంతువుల్లో థైమస్ మళ్లీ పెరుగుతుంది!

ఇప్పుడు నా ఒళ్లు మండే సంగతి వినండి. అప్పట్లో డాక్టర్లు కోసి చూసిన శవాలు ఎక్కువగా పేదవాళ్లవి. ఆకలితో, రోగంతో నెలల తరబడి నలిగిన ఒళ్లు, అందుకే వాళ్ల థైమస్ చిన్నది. అదే మామూలు సైజు అనుకున్నారు! హఠాత్తుగా చనిపోయిన పసివాళ్లలో అసలైన సైజు కనబడేసరికి 'అమ్మో, వాచిపోయింది, ఊపిరి ఆపేసింది' అన్నారు. అంతే, 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఛాతీకి ఎక్స్-రే రేడియేషన్ ఇచ్చేశారు. వాళ్లలో కొందరికి తర్వాత థైరాయిడ్ క్యాన్సర్! పేదోడి ఒంట్లో కార్టిసాల్ చేసిన పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త చూపించేదాకా థైమస్ పనేంటో తెలియదు. ఆ తర్వాత కూడా 'పెద్దవాళ్లకు అక్కర్లేదు' అన్నారు. 2023లో బోస్టన్ పరిశోధకులు ఏం చూశారు? థైమస్ తీసేయించుకున్న పెద్దల్లో ఐదేళ్లలో 8.1 శాతం చనిపోయారు, అలాంటి ఆపరేషనే అయినా థైమస్ ఉన్నవాళ్లలో 2.8 శాతం. ఇంకా అక్కర్లేదంటారా?

నా థియరీ చెప్తా, ఒప్పుకోకపోతే కామెంట్లలో కొట్లాడదాం. వయసుతో థైమస్ తగ్గడం ఎలాగూ ఉంది, కానీ నైట్ షిఫ్టులు, ఈఎంఐ టెన్షన్లు మనకు తెలియకుండానే దాన్ని ఇంకా ముందుగా తినేస్తున్నాయి.

పసిపిల్లల గుండె ఆపరేషన్లో దారికి అడ్డమని థైమస్ తీసేయడం మామూలే. మీ ఇంట్లో అలాంటి ఆపరేషన్ ఉంటే భయపడి ఆపకండి, సర్జన్‌ను ఒక్క ప్రశ్న అడగండి: 'డాక్టరుగారూ, థైమస్ కొంతైనా మిగల్చగలరా?'