ఏటీఎం భద్రత అంటే కీప్యాడ్‌కి చెయ్యి అడ్డం పెట్టుకోవడమేనా?

అందరికీ నమస్కారం. ఏటీఎం అనగానే పిన్ ఎవరికీ చెప్పకండి అంటారు, నేనూ అదే అంటాను, కానీ 2018 ఆగస్టులో పుణె కాస్మోస్ బ్యాంకులో ఏం జరిగిందో చూడండి. ఖాతాదారులు ఎవరికీ పిన్ చెప్పలేదు. దొంగలు నేరుగా బ్యాంకు ఏటీఎం స్విచ్ వ్యవస్థలోకి మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, ఎక్కించారు. మనం కార్డు పెట్టగానే ఈ ఖాతాలో డబ్బుందా, ఇవ్వొచ్చా అని కనుక్కునేది ఆ స్విచ్చే. ఆ ప్రశ్న బ్యాంకు దాకా పోకుండా మధ్యలోనే "ఇచ్చేయ్" అని దొంగలే జవాబిచ్చారు, నకిలీ కార్డులతో 28 దేశాల్లో డబ్బు లాగారు. బ్యాంకులు విదేశాలకు డబ్బు పంపడానికి వాడే స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా పంపుకున్నదీ కలిపితే 94 కోట్లు. ఇందులో ఖాతాదారు జాగ్రత్తపడేదేముంది?

మిషన్ కూడా అంతే. కింద నోట్ల క్యాసెట్లుండే ఉక్కు పెట్టె గట్టిదే, పైనున్నది మాత్రం మామూలు కంప్యూటర్. మైక్రోసాఫ్ట్ 2014లోనే వదిలేసిన విండోస్ ఎక్స్‌పీ మన ఏటీఎంలలో ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచింది! చివరికి 2018 జూన్‌లో ఆర్బీఐ గడువులు పెట్టి, ఎక్స్‌పీ మార్చండి, యూఎస్‌బీ పోర్టులు మూసేయండి, అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకేదీ నడవనివ్వకండి అని బ్యాంకులకు చెప్పాల్సి వచ్చింది. 2019లో మిషన్లను గోడకో నేలకో బిగించమంది.

ఇక మనవైపు. పెన్షన్ పడిన రోజు ఒక పెద్దాయన మిషన్ దగ్గర తడబడుతుంటాడు, వెనకున్న కుర్రాడు "నేను చూస్తానుండండి బాబాయ్" అని కార్డు తీసుకుంటాడు, పిన్ కొట్టడం చూస్తాడు, డబ్బు రాలేదంటూ అదే బ్యాంకుది, అదే రంగుది ఇంకో కార్డు చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. కార్డు వెనక్కి తీసుకోగానే పేరు చదవండి. లోపల గార్డు ఉంటే ఇందులో సగం జరగవని నా నమ్మకం, ఖర్చని గార్డుల్ని తీసేయడం నాకు అస్సలు నచ్చదు.

మోసం జరిగితే సిగ్గుపడుతూ ఇంట్లో కూర్చోకండి. వెంటనే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి. 2017 నాటి ఆర్బీఐ నిబంధనల ప్రకారం మీ పొరపాటు ఉన్నా సరే, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకే భరించాలి. మీ తప్పూ బ్యాంకు తప్పూ కాక వ్యవస్థలో ఎక్కడో లోపమైతే, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే మీకు ఒక్క రూపాయి నష్టం ఉండకూడదు. ఖాతాలో కోత పడి నోట్లు రాకపోతే ఐదు రోజుల్లో తిరిగి వెయ్యాలి, దాటితే రోజుకు వంద చొప్పున, మీరు అడక్కపోయినా వాళ్లే కలిపి వెయ్యాలి.